పీహెచ్‌పీతో మోంగోడీబీ కనెక్ట్ చేయడం ఎలా? మార్కెట్ ధరల పేజీ ఉదాహరణతో స్టెప్ బై స్టెప్..

గుంటూరు యార్డులో తేజ మిర్చి ఇవాళ ఎంత పలికింది? ఫోన్‌లో ఈ ఒక్క అంకె చూసుకుని, లోడ్ ఎత్తాలా, రేపటి దాకా ఆగాలా అని నిర్ణయించుకునే రైతులు ఉన్నారు. అంకె తప్పైతే లారీ కిరాయి దండగ. పాతదైతే ఇంకా దండగ. మనం స్క్రీన్ మీద చూసేది ఒక్క లైనే. దాని వెనక మాత్రం రెండు పనులు జరుగుతాయి. ఒకటి, డేటా ఎక్కడో భద్రంగా ఉండాలి. రెండోది, వెబ్ పేజీ వెళ్లి దాన్ని సరిగ్గా తెచ్చి చూపించాలి.

ఈ రెండింటినీ కలిపే పనే ఇవాళ చూద్దాం. పేజీ రాసే భాష పీహెచ్‌పీ, డేటా దాచేది మోంగోడీబీ. ప్రాజెక్ట్ చేస్తున్న డిగ్రీ, బీటెక్ విద్యార్థులకు, సొంతంగా చిన్న సైట్ నడుపుకునే వాళ్లకు ఇది పనికొస్తుంది. మొబైల్‌లో కోడ్ చదవడం కష్టం కాబట్టి, ఏ లైన్ ఏం చేస్తుందో మాటల్లోనే చెప్పుకుందాం. పేర్లన్నీ ఇక్కడ తెలుగులో రాశాం, టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

ముందు ఈ రెండూ ఏంటో చూద్దాం

పీహెచ్‌పీ సర్వర్‌లో నడిచే స్క్రిప్టింగ్ భాష. రాస్మస్ లెర్‌డోర్ఫ్ తన సొంత పేజీ కోసం 1994లో మొదలుపెట్టి, 1995లో అందరికీ ఇచ్చేశారు. వర్డ్‌ప్రెస్ నడిచేది దీని మీదే. తక్కువ ధర హోస్టింగ్ ఏది తీసుకున్నా ఇది ఉంటుంది కాబట్టి, మన దగ్గర చాలామంది వెబ్ పని నేర్చుకునేది దీంతోనే.

మోంగోడీబీ డాక్యుమెంట్ డేటాబేస్. న్యూయార్క్‌లో 2007లో మొదలైన టెన్‌జెన్ అనే కంపెనీ 2009లో దీన్ని విడుదల చేసింది. ఆ కంపెనీయే 2013లో తన పేరును మోంగోడీబీగా మార్చుకుంది. ‘హ్యూమంగస్’ అంటే బ్రహ్మాండం. ఆ మాట మధ్యలోంచి తీసుకున్నదే ఈ పేరు.

మైఎస్‌క్యూఎల్ ఉండగా ఇదెందుకు?

మైఎస్‌క్యూఎల్‌లో డేటా టేబుల్‌లో ఉంటుంది. ముందే గళ్లు గీసుకున్న రిజిస్టర్ లాంటిది. ప్రతి వరుసకీ అవే గళ్లు. మోంగోడీబీలో ఒక్కో ఎంట్రీ ఒక్కో డాక్యుమెంట్. దాంట్లో ఏ వివరాలు ఉండాలన్నది ఆ ఎంట్రీ ఇష్టం.

మన ధరల పేజీకే వద్దాం. మిర్చికి రకం చెప్పాలి: తేజ, బ్యాడిగి, 341, తాలు. ఎన్ని టిక్కీలు వచ్చాయో కూడా కావాలి. వరంగల్ ఏనుమాముల మార్కెట్ పత్తికి తేమ శాతం లేకపోతే ధరకు అర్థమే లేదు. నిజామాబాద్ పసుపుకి కొమ్ము ధర వేరు, గోళ ధర వేరు. అన్నిటికీ ఒకే టేబుల్ గీస్తే సగం గళ్లు ఖాళీగా ఉంటాయి. డాక్యుమెంట్ అయితే మిర్చికి మిర్చి వివరాలు, పత్తికి పత్తి వివరాలు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇలాంటి డాక్యుమెంట్ల గుంపుని కలెక్షన్ అంటారు. కొన్ని కలెక్షన్లు కలిస్తే డేటాబేస్. లోపల డేటా బీసన్ అనే రూపంలో ఉంటుంది, అంటే జేసన్‌కి బైనరీ అన్న లాంటిది. ఒక్క డాక్యుమెంట్ సైజు 16 ఎంబీ దాటకూడదు. ధరల పేజీకి అది చాలా ఎక్కువే.

స్టెప్ 1: రెండు ముక్కలు ఇన్‌స్టాల్ చేయాలి

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. పీహెచ్‌పీకి మోంగోడీబీతో మాట్లాడటం పుట్టుకతో రాదు. దానికి రెండు విడి భాగాలు కావాలి.

మొదటిది ఎక్స్‌టెన్షన్. సీ భాషలో రాసిన ఈ భాగమే నెట్‌వర్క్ మీద సర్వర్‌తో నిజంగా మాట్లాడేది. లినక్స్‌లో అయితే పీఈసీఎల్ టూల్‌తో ఇన్‌స్టాల్ చేయొచ్చు. రాసేది అలా, పలికేది మాత్రం ‘పికిల్’ అని. అవును, మన పచ్చడే! తర్వాత పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ ఫైల్‌లో ఎక్స్‌టెన్షన్ పేరుతో ఒక లైన్ చేర్చి, సర్వర్ రీస్టార్ట్ చేయాలి.

విండోస్‌లో జాంప్ వాడేవాళ్లు డీఎల్ఎల్ ఫైల్ డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఇందులో మూడు కలవాలి: పీహెచ్‌పీ వెర్షన్, 64 బిట్టా 32 బిట్టా అన్నది, థ్రెడ్ సేఫా కాదా అన్నది. ఈ మూడూ పీహెచ్‌పీ ఇన్ఫో పేజీలో కనిపిస్తాయి. ఒక్కటి తేడా వచ్చినా ఫైల్ లోడ్ కాదు.

రెండోది లైబ్రరీ. ఇది పీహెచ్‌పీలోనే రాసింది, కంపోజర్ ద్వారా వస్తుంది. ఎక్స్‌టెన్షన్ ఇంజిన్ అయితే, లైబ్రరీ స్టీరింగ్. మనం కోడ్‌లో వాడే తేలికైన ఫంక్షన్లన్నీ లైబ్రరీవే. కొత్త వెర్షన్లకు పీహెచ్‌పీ 8.1 లేదా ఆపైది ఉండాలి.

పాత ట్యుటోరియల్స్‌తో జాగ్రత్త!

మోంగోక్లయింట్ అని ఒకే పదంగా క్లాస్ పేరు కనిపించిందా? ఆ వీడియో వెంటనే క్లోజ్ చేయండి. అది పాత ఎక్స్‌టెన్షన్. పేరు ఉత్త ‘మోంగో’. 2015 చివర్లో వచ్చిన పీహెచ్‌పీ 7లో అది పనిచేయదు. ఇప్పుడు వాడాల్సిన ఎక్స్‌టెన్షన్ పేరు ‘మోంగోడీబీ’. పేర్లు దగ్గరదగ్గరగా ఉండటంతో ఇప్పటికీ చాలామంది పాత కోడ్ కాపీ చేసి, ‘క్లాస్ నాట్ ఫౌండ్’ ఎర్రర్‌తో గంటలు పోగొట్టుకుంటున్నారు.

టెర్మినల్‌లో వస్తోంది, బ్రౌజర్‌లో రావట్లేదు.. ఎందుకు?

ఉబుంటు లాంటి సిస్టమ్స్‌లో టెర్మినల్ పీహెచ్‌పీకి ఒక ఐఎన్ఐ ఫైల్, వెబ్ సర్వర్ పీహెచ్‌పీకి ఇంకో ఐఎన్ఐ ఫైల్ ఉంటాయి. ఒకదాంట్లో లైన్ చేర్చి రెండోది మర్చిపోతే సరిగ్గా ఇలాగే అవుతుంది. బ్రౌజర్‌లో పీహెచ్‌పీ ఇన్ఫో పేజీ తెరిచి, అక్కడ ఏ ఐఎన్ఐ ఫైల్ లోడ్ అయిందో చూసి, దాంట్లో మార్చండి. చూసిన వెంటనే ఆ ఇన్ఫో పేజీని సర్వర్ నుంచి తీసేయండి. అది బయటివాళ్లు చూడాల్సింది కాదు.

స్టెప్ 2: కనెక్షన్ అడ్రస్

కంపోజర్ ఇచ్చిన ఆటోలోడ్ ఫైల్‌ని పేజీ పైన కలుపుకుని, క్లయింట్ అనే ఆబ్జెక్ట్ తయారు చేయాలి. దానికి ఒక అడ్రస్ ఇవ్వాలి. అందులో వరుసగా ఇవి ఉంటాయి: మోంగోడీబీ అనే మాట, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, సర్వర్ పేరు, పోర్ట్ నంబర్. పోర్ట్ మామూలుగా 27017.

సొంత కంప్యూటర్ కాకుండా మోంగోడీబీ వాళ్ల క్లౌడ్ సర్వీస్ అట్లాస్ కూడా వాడొచ్చు. ఫ్రీ ప్లాన్‌లో 512 ఎంబీ స్టోరేజ్ ఇస్తారు. నేర్చుకోవడానికి చాలు. అయితే మీ సర్వర్ ఐపీ అడ్రస్‌ని అట్లాస్ అనుమతి జాబితాలో చేర్చకపోతే కనెక్షన్ దొరకదు.

ఇక్కడ రెండు చిక్కులు ఎదురవుతాయి.

ఒకటి: పాస్‌వర్డ్‌లో ‘ఎట్’ గుర్తో, కోలనో, స్లాషో ఉంటే అడ్రస్ అక్కడే విరిగిపోతుంది. ఎందుకంటే అడ్రస్‌లో ఆ గుర్తులకు వేరే అర్థం ఉంది. తేలిక దారి ఏంటంటే, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లను అడ్రస్‌లో కాకుండా క్లయింట్‌కి ఇచ్చే రెండో ఆర్గ్యుమెంట్‌లో విడిగా పంపండి.

రెండు: పాస్‌వర్డ్ కరెక్టే, అయినా లాగిన్ ఫెయిల్ అంటోంది. అడ్రస్ చివర డేటాబేస్ పేరు రాశారేమో చూడండి. పేరు రాస్తే యూజర్‌ని ఆ డేటాబేస్‌లోనే వెతుకుతుంది. మీరు యూజర్‌ని తయారు చేసింది అడ్మిన్ డేటాబేస్‌లో అయితే, ఆథ్‌సోర్స్ అనే ఆప్షన్‌లో ‘అడ్మిన్’ అని చెప్పాలి.

స్టెప్ 3: నిజంగా కనెక్ట్ అయిందా?

క్లయింట్ తయారైంది, ఎర్రర్ రాలేదు. ‘కనెక్ట్ అయిపోయింది’ అనుకుంటే పొరపాటే. క్లయింట్‌ని తయారు చేసిన క్షణంలో అది సర్వర్ దగ్గరికి వెళ్లదు. మొదటిసారి ఏదైనా అడిగినప్పుడే బయల్దేరుతుంది. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా ఆ మొదటి లైన్ నిక్షేపంగా దాటేస్తుంది.

అందుకే అడ్మిన్ డేటాబేస్‌కి ‘పింగ్’ కమాండ్ పంపి చూడండి. జవాబు వస్తే కనెక్షన్ ఉన్నట్టు. రాకపోతే ఎక్సెప్షన్ వస్తుంది. దాన్ని ట్రై-క్యాచ్‌లో పట్టుకుని, చూసేవాళ్లకు ‘ధరలు ప్రస్తుతం అందుబాటులో లేవు’ అని తెలుగులో చెప్పండి. అసలు ఎర్రర్‌ని లాగ్ ఫైల్‌లో రాసుకోండి. ఎర్రర్ మెసేజ్‌లో సర్వర్ అడ్రస్ కూడా ఉండొచ్చు కాబట్టి దాన్ని యథాతథంగా స్క్రీన్ మీద వేయకూడదు.

స్టెప్ 4: డేటా ఎక్కించేటప్పుడు అంకె అంకెగానే ఉండాలి

డేటాబేస్ పేరు, కలెక్షన్ పేరు చెప్పి, ఇన్సర్ట్‌వన్ ఫంక్షన్‌కి ఒక అర్రే ఇస్తే డాక్యుమెంట్ చేరిపోతుంది. ఆ డేటాబేస్, ఆ కలెక్షన్ ముందే తయారు చేయక్కర్లేదు. లేకపోతే మొదటి ఇన్సర్ట్‌తోనే పుడతాయి. ప్రతి డాక్యుమెంట్‌కి అండర్‌స్కోర్ ఐడీ అనే గుర్తింపు ఉంటుంది. మీరు ఇవ్వకపోతే డ్రైవరే 12 బైట్ల ఆబ్జెక్ట్ఐడీ ఇస్తుంది.

ఇంత తేలికా అనుకుంటున్నారా? అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

ఫామ్‌లో టైప్ చేసిన ధర పీహెచ్‌పీకి అక్షరాలుగా వస్తుంది, అంకెగా కాదు. మైఎస్‌క్యూఎల్‌లో కాలమ్ నంబర్ అని ముందే చెప్పి ఉంటాం కాబట్టి అది మార్చుకుంటుంది. మోంగోడీబీ మార్చదు. ఇచ్చింది ఇచ్చినట్టే దాచుకుంటుంది.

ఉదాహరణకు ఒక లాట్ ధర 9500, ఇంకోటి 15000 అనుకుందాం. రెండూ అక్షరాలుగా చేరితే, ‘ఎక్కువ ధర ముందు’ అని అడిగినప్పుడు 9500 పైన వస్తుంది. ఎందుకంటే అక్షరాల లెక్కలో 1 కంటే 9 పెద్దది. మొదటి అక్షరం చూసి అక్కడితో తేల్చేస్తుంది. పేజీలో ‘నేటి గరిష్ఠ ధర 9500’ అని పడుతుంది. ఎర్రర్ ఏమీ రాదు. పేజీ చక్కగానే కనిపిస్తుంది. నష్టపోయేది మాత్రం అది చూసి ఇంటి దగ్గరే ఆగిపోయిన రైతు.

ఇంకోటి. కొన్ని ధరలు అంకెలుగా, కొన్ని అక్షరాలుగా కలిసిపోతే, ‘10000 దాటినవి చూపించు’ అన్నప్పుడు అక్షరాలుగా ఉన్నవి అసలు కనిపించవు. మోంగోడీబీ అంకెని అంకెతోనే పోలుస్తుంది.

పరిష్కారం ఒక్క మాటే. ఇన్సర్ట్ చేసే ముందు ఇంట్‌గా మార్చండి. కలెక్షన్‌కి వ్యాలిడేషన్ రూల్ కూడా పెట్టుకోవచ్చు. ‘ధర నంబర్ అయితేనే తీసుకో’ అని డేటాబేస్‌కే చెప్పడమన్నమాట.

స్టెప్ 5: తేదీలో ఐదున్నర గంటల తేడా

తేదీని కూడా అక్షరాలుగా కాకుండా యూటీసీ డేట్‌టైమ్ అనే టైప్‌లో పెట్టాలి. పేరులోనే ఉన్నట్టు ఇది యూటీసీ సమయం. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది.

దీన్ని మర్చిపోతే ఏమవుతుంది? తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కించిన ఎంట్రీ యూటీసీలో నిన్నటి రాత్రి 10.30కి పడుతుంది. ‘ఇవాళ్టి ధరలు’ అని యూటీసీ తేదీతో వెతికితే అది కనిపించదు. కాబట్టి రోజు మొదలు ఎప్పుడన్నది ఏషియా కోల్‌కతా టైమ్‌జోన్‌లో లెక్కగట్టి, అప్పుడు యూటీసీకి మార్చి వెతకాలి. చూపించేటప్పుడు మళ్లీ మన సమయానికి మార్చాలి.

తెలుగు అక్షరాల సంగతేంటి?

మోంగోడీబీకి తెలుగుతో ఇబ్బంది లేదు. అక్షరాలన్నీ యూటీఎఫ్-8లో దాచుకుంటుంది. మన కోడ్‌తోనే ఇబ్బంది.

‘మిర్చి’ అనే మాట కంటికి రెండక్షరాలు. కంప్యూటర్‌కి ఆరు ముక్కలు: మ, గుడి, ర, పొల్లు, చ, గుడి. ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 18 బైట్లు. హెడ్‌లైన్ పొడవైందని సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్‌తో బైట్ల లెక్కన కోస్తే కత్తి ఒక అక్షరం మధ్యలో పడొచ్చు. అలా విరిగిన అక్షరాన్ని మోంగోడీబీ డ్రైవర్ తీసుకోదు, చెల్లని యూటీఎఫ్-8 అంటూ ఎక్సెప్షన్ ఇస్తుంది. ‘ఇంగ్లిష్ టైటిల్ సేవ్ అవుతోంది, తెలుగుది అవ్వట్లేదు’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే. పేరు ముందు ఎంబీ అని ఉన్న మల్టీబైట్ ఫంక్షన్లు వాడితే ఈ గొడవ ఉండదు.

పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసిన మ్యాటర్ అయితే ముందు యూనికోడ్‌లోకి మార్చాకే ఎక్కించాలి. లేదంటే డేటాబేస్‌లో చేరేవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిష్ గుర్తుల గజిబిజి.

స్టెప్ 6: వెతకడం, మార్చడం

ఒక్క డాక్యుమెంట్ కావాలంటే ఫైండ్‌వన్, చాలా కావాలంటే ఫైండ్. ఫైండ్ ఇచ్చేది మొత్తం జాబితా కాదు, కర్సర్. ఫర్‌ఈచ్ లూప్ తిప్పుతుంటే కొద్దికొద్దిగా తెచ్చిస్తుంది. దీన్ని ఒక్కసారే తిప్పగలం. అదే డేటా మళ్లీ కావాలంటే ముందే అర్రేలోకి మార్చుకోవాలి.

మార్చడానికి అప్‌డేట్‌వన్. ఇందులో సెట్ అనే ఆపరేటర్ వాడతాం. దాని ముందు డాలర్ గుర్తు ఉంటుంది. పీహెచ్‌పీలో వేరియబుల్స్‌కీ డాలర్ గుర్తే కదా! డబుల్ కోట్స్‌లో రాస్తే పీహెచ్‌పీ దాన్ని వేరియబుల్ అనుకుని, లోపల ఏమీ లేక ఖాళీ చేసేస్తుంది. కాబట్టి ఇలాంటి ఆపరేటర్లను ఎప్పుడూ సింగిల్ కోట్స్‌లోనే రాయండి.

రీప్లేస్‌వన్ వేరే సంగతి. అది మొత్తం డాక్యుమెంట్‌నే మార్చేస్తుంది. ధర ఒక్కటే ఇచ్చి రీప్లేస్ చేస్తే రకం, టిక్కీలు, మార్కెట్ పేరు అన్నీ పోతాయి.

సిగ్నల్ సరిగా లేక సబ్మిట్ బటన్ రెండుసార్లు నొక్కితే ఒకే ధర రెండుసార్లు చేరుతుంది. మార్కెట్, పంట, రకం, తేదీ నాలుగూ కలిపి యూనిక్ ఇండెక్స్ పెడితే రెండోదాన్ని డేటాబేస్ తిప్పికొడుతుంది. అప్పుడు కనిపించే ఎర్రర్ నంబర్ 11000.

తలుపు తెరిచి పెట్టొద్దు

2017 జనవరిలో ఏం జరిగిందో గుర్తుంచుకోవాలి. పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న మోంగోడీబీ డేటాబేస్‌లు వేల సంఖ్యలో ఖాళీ అయ్యాయి. డేటా చెరిపేసి, బిట్‌కాయిన్ ఇస్తే తిరిగిస్తామని ఒక నోట్ వదిలి వెళ్లారు. మొదట్లో అడిగింది 0.2 బిట్‌కాయిన్. వాళ్లు గొప్ప హ్యాకింగ్ ఏమీ చేయలేదు. తలుపుకి తాళం లేదు, అంతే.

ఆ తర్వాత 3.6 వెర్షన్ నుంచి మోంగోడీబీ మొదట సొంత కంప్యూటర్ కనెక్షన్లనే తీసుకునేలా మార్చారు. అయినా సొంతంగా ఇన్‌స్టాల్ చేసుకున్న సర్వర్‌లో పాస్‌వర్డ్ తప్పనిసరి కావాలంటే ఆథరైజేషన్ మనమే ఆన్ చేయాలి. 27017 పోర్ట్‌ని లోకం మొత్తానికి తెరవకండి. వెబ్ పేజీకి అడ్మిన్ యూజర్ ఇవ్వకండి. దాని డేటాబేస్ వరకే చదివే, రాసే హక్కున్న యూజర్ చాలు. పాస్‌వర్డ్ కోడ్‌లో కాకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉండాలి. కోడ్ గిట్‌హబ్‌లో పెడితే పాస్‌వర్డ్ కూడా లోకానికి పెట్టినట్టే.

లాగిన్ ఫామ్‌కి ఇంకో ముప్పు ఉంది. ఫీల్డ్ పేరు పక్కన స్క్వేర్ బ్రాకెట్లు పెట్టి పంపితే పీహెచ్‌పీ దాన్ని అర్రేగా మార్చేస్తుంది. ఆ బ్రాకెట్లలో ‘సమానం కాదు’ అనే ఆపరేటర్ పెట్టి పంపితే, ‘పాస్‌వర్డ్ ఖాళీ కానిది’ అనే షరతు తయారవుతుంది. అందరి పాస్‌వర్డూ ఖాళీ కాదు కాబట్టి తలుపు తెరుచుకుంటుంది! అందుకే వచ్చింది స్ట్రింగేనా అని చెక్ చేశాకే క్వెరీలోకి పంపాలి. యూజర్‌ని పేరుతో వెతికి, పాస్‌వర్డ్‌ని పీహెచ్‌పీలోని పాస్‌వర్డ్ వెరిఫై ఫంక్షన్‌తో పోల్చాలి. దాచేది కూడా అసలు పాస్‌వర్డ్ కాదు, దాని హ్యాష్.

ఏ ఎర్రర్‌కి ఏం చూడాలి?

- క్లాస్ నాట్ ఫౌండ్: ఎక్స్‌టెన్షన్ లోడ్ కాలేదు, లేదా ఆటోలోడ్ ఫైల్ కలపలేదు, లేదా పాత కోడ్ కాపీ చేశారు.
- నో సూటబుల్ సర్వర్స్ ఫౌండ్: సర్వర్ ఆఫ్‌లో ఉంది, లేదా అడ్రస్ తప్పు, లేదా ఫైర్‌వాల్ అడ్డుపడుతోంది. అట్లాస్ అయితే ముందు ఐపీ జాబితా చూడండి.
- ఆథెంటికేషన్ ఫెయిల్డ్: పాస్‌వర్డ్, ఆథ్‌సోర్స్ రెండూ చూడండి.
- 11000: అదే ఎంట్రీ ముందే ఉంది.

షేర్డ్ హోస్టింగ్ తీసుకునేవాళ్లు డబ్బు కట్టకముందే రెండు ప్రశ్నలు అడగండి. మోంగోడీబీ ఎక్స్‌టెన్షన్ ఆన్ చేసుకునే వీలుందా? 27017 పోర్ట్ మీద బయటికి కనెక్షన్ వెళ్తుందా? రెండింట్లో ఏది లేకపోయినా మీ పేజీ అక్కడ నడవదు.

మరి ఎప్పుడు వద్దు?

ప్రతి ఎంట్రీకీ అవే వివరాలు ఉండి, ఒక టేబుల్‌ని ఇంకో టేబుల్‌తో కలిపి లెక్కలు తీసే పనైతే మైఎస్‌క్యూఎల్ చాలు. కాలేజీ ఫీజుల రిజిస్టర్, షాపు బిల్లులు అలాంటివే. మోంగోడీబీలో కూడా 2018లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి చాలా డాక్యుమెంట్లను కలిపి మార్చే ట్రాన్సాక్షన్లు ఉన్నాయి. కానీ ప్రతి చిన్న పనికీ అవి కావాల్సి వస్తోందంటే, మీ డేటా టేబుల్‌నే అడుగుతోందని అర్థం.

చివరగా ఒక్క మాట. సైట్ లైవ్‌లోకి వెళ్లే ముందు మీరే ఒక తప్పు ఎంట్రీ వేసి చూడండి. ధర దగ్గర అక్షరాలు కొట్టండి. తెల్లవారుజామున 4 గంటల సమయంతో ఒక ఎంట్రీ ఎక్కించండి. పొడవాటి తెలుగు టైటిల్ ఇవ్వండి. సబ్మిట్ రెండుసార్లు నొక్కండి. సర్వర్ ఆపేసి పేజీ తెరవండి. ఈ ఐదూ తట్టుకుందంటే, ఆ పేజీలో కనిపించే అంకెని నమ్మి ఎవరైనా లోడ్ ఎత్తొచ్చు.